ప్రాసెసర్‌లోనే లోపమైతే ఎవరిని, ఎలా అడగాలి

ఒడిశా సరిహద్దులోని మన పర్లాకిమిడిలో ఎవరినైనా సీపీయూ తీసుకురమ్మంటే బల్ల కింద ఉన్న పెట్టెను మోసుకొస్తారు. గుణుపురంలోనూ అంతే, నది దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లినా అంతే. నిజానికి సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టె వెడల్పున ఉండి లెక్కలన్నీ చేసే చిప్, అంటే ప్రాసెసర్. దానికి మన వాడుకలో వేరే పేరే లేదు. దుకాణదారు కూడా బిల్లు మీద "సీపీయూ సెట్ – 1" అని ఒక్క ముక్క రాసి చేతిలో పెడతాడు. ఆ అగ్గిపెట్టె చెడిపోయిన రోజున ఆ ఒక్క ముక్కే మన మెడకు చుట్టుకుంటుంది.

నాకు చుట్టుకుంది కాబట్టే ఇంత చెబుతున్నాను. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేయడం నా పని. ఆంధ్రా వైపు ఒక పెద్ద దుకాణంలో కొన్న సిస్టమ్ ఆరో నెల నుంచి మొరాయించింది. "మీ ఊళ్లో వోల్టేజీ బాగుండదు కదండీ, దానివల్లే" అన్నాడు దుకాణదారు. పెట్టెలో భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కొత్తది కొన్నాను, కొత్త ర్యామ్ కొన్నాను. తప్పు ప్రాసెసర్‌దని తేలేసరికి నాలుగు నెలలు గడిచాయి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మీకు అన్ని నెలలు పట్టకుండా ఉండాలంటే ఏ వరుసలో నడవాలో చెబుతాను.

ప్రాసెసర్‌ను చివర అనుమానించండి

నిజానికి ప్రాసెసర్ చెడిపోవడం అరుదు. సిస్టమ్ హ్యాంగ్ అవుతోందన్నా, దానంతట అదే రీస్టార్ట్ అవుతోందన్నా ముందు చూడవలసింది కరెంటు. దుకాణదారు మాటలో ఆ మాత్రం నిజం ఉంది. యూపీఎస్ బ్యాటరీ పోయి ఉండవచ్చు, ఎర్తింగ్ లేకపోవచ్చు. ఒక వారం మరో ఇంట్లో, మరో యూపీఎస్ మీద నడిపి చూడండి. అక్కడా అదే తంతు అయితే వోల్టేజీ సాకు అక్కడితో చెల్లిపోతుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ నడిపారో రాసి పెట్టుకోండి.

తర్వాత వేడి. ఫ్యాన్ దుమ్ము దులపండి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. ఇప్పటి ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. అంటే వేడి వల్ల ముందు పని నెమ్మదిస్తుంది. నెమ్మదించకుండానే ఉన్నట్టుండి ఆగిపోతూ ఉంటే కారణం మరొకటి అయ్యే అవకాశమే ఎక్కువ.

ర్యామ్ పరీక్షకు మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా ర్యామ్ ముక్కలను ఒక్కొక్కటిగా తీసి మళ్లీ నడపండి. ఆ పరీక్షకు ముందు బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే బోర్డు ప్రోగ్రామ్‌లోకి వెళ్లి అన్నీ కంపెనీ ఇచ్చిన మొదటి స్థితికి తీసుకురావడం మరవకండి. ఎక్స్‌ఎంపీ వంటి వేగం పెంచే అమరిక ఏదైనా ఉంటే తీసేయండి. ఈ మాటకు రెండు కారణాలు. ఒకటి, చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. రెండోది, ఓవర్‌క్లాకింగ్ చేశారన్న, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడిపారన్న ఒక్క మాటతో వారంటీ నుంచి తప్పుకునే వీలు కంపెనీల షరతుల్లో ఉంటుంది. రేపు వారు అడిగినప్పుడు మామూలు అమరికలోనూ తప్పు వస్తోందని మీరు చెప్పగలగాలి.

ప్రాసెసర్ తప్పు ఎలా కనిపిస్తుంది

నన్ను అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టింది జిప్ ఫైలు. ఒక పెద్ద ఫైలు ఇప్పుడు తెరిస్తే పాడైందంటుంది, పది నిమిషాలాగి తెరిస్తే చక్కగా విప్పుకుంటుంది. అదే ఫైలు పక్క కంప్యూటర్‌లో ఎన్నిసార్లు తెరిచినా లోపం లేదు. దీని వెనుక తర్కం తెలుసుకుంటే ఇక ఎవరూ మిమ్మల్ని మాటలతో తిప్పలేరు. ఫైలును కుదించినప్పుడు చివర ఒక తనిఖీ సంఖ్య వేస్తారు. విప్పేటప్పుడు ప్రాసెసర్ ఆ లెక్కను మళ్లీ చేసి పోల్చుకుంటుంది. ప్రాసెసర్ ఎక్కడో ఒక చోట తప్పు కూడితే సంఖ్య కుదరదు, నింద ఫైలు మీద పడుతుంది. అందుకే సెవెన్‌జిప్‌లో ఒకే పెద్ద ఫైలును పదిసార్లు వరుసగా పరీక్షించండి. ఒకసారి తప్పు, ఒకసారి ఒప్పు అంటూ ఫలితం మారుతూ ఉంటే తప్పు ఫైలులో లేదు, లెక్క కట్టే యంత్రంలో ఉంది.

గ్రాఫిక్స్ డ్రైవర్ ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా మధ్యలో ఆగిపోవడం, కార్డులో బోలెడు మెమరీ ఉండగా ఆటలు వీడియో మెమరీ చాలలేదని మూసుకుపోవడం కూడా ఈ కోవలోవే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ పద్దు తెరిచి డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో నమోదులు ఉన్నాయేమో చూడండి. అవి హార్డ్‌వేర్ తనంతట తాను ఒప్పుకున్న తప్పులు. వాటిని ఫోనుతో ఫోటో తీయకండి, ఫైలుగా దాచండి. తేదీ, సమయం అందులో ఉంటాయి.

ఇక తిరుగులేని రుజువు మార్పిడి. అదే సాకెట్ ఉన్న మరో మంచి బోర్డులో మీ ప్రాసెసర్ పెట్టి, మీ బోర్డులో ఆ బోర్డు తాలూకు మంచి ప్రాసెసర్ పెట్టి చూడండి. రోగం ప్రాసెసర్ వెంట వెళ్లిందా, బోర్డుతో ఉండిపోయిందా అన్నది తేలుతుంది. రెండు వైపులా చేయాలి, ఒక వైపు చేస్తే సగం రుజువే. ఈ పని చేయి తిరిగినవారి చేత చేయించండి. ఏఎం4 సాకెట్ ప్రాసెసర్‌కు కాళ్లు (పిన్నులు) చిప్‌కే ఉంటాయి, ఎల్‌జీఏ1700, ఏఎం5 వాటికి బోర్డులో ఉంటాయి. ఎక్కడ ఉన్నా ఒక్క కాలు వంగితే వారంటీ కథ అక్కడితో ముగిసినట్టే.

ఇంత శ్రమ ఎందుకు అనిపిస్తే 1994 సంగతి వినండి. అమెరికాలో థామస్ నైస్లీ అనే గణిత ఆచార్యుడు ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేస్తుంటే కొత్త పెంటియమ్ కంప్యూటర్ ఇచ్చే జవాబు కుదరలేదు. జూన్‌లో గమనించినవాడు అక్టోబరు దాకా నోరు విప్పలేదు. తన ప్రోగ్రామ్, బోర్డు, ఇలా ఒక్కొక్కదాన్నీ తప్పించుకుంటూ వచ్చి, ఇక మిగిలింది ప్రాసెసరే అని తేలాకే దాన్ని తయారుచేసిన ఇంటెల్‌కు చెప్పాడు. 4195835ను 3145727తో భాగిస్తే 1.3338 రావాలి, ఆ పెంటియమ్ 1.3337 ఇచ్చేది. భాగహారానికి వాడే పట్టికలో కొన్ని గళ్లు ఖాళీగా ఉండిపోవడమే కారణం. మామూలు వాడకంలో 27,000 ఏళ్లకోసారి ఎదురయ్యే తప్పని కంపెనీ మొదట కొట్టిపారేసింది, అవసరమని నిరూపించినవారికే మారుస్తామంది. జనం ఊరుకోలేదు. డిసెంబరు 20న ఎవరు అడిగినా మారుస్తామని దిగివచ్చింది. అందుకు 47.5 కోట్ల డాలర్లు పద్దు రాసుకుంది. ఆచార్యుడి నాలుగు నెలల తనిఖీ లేకపోతే వ్యవహారం ఆ 27,000 ఏళ్ల మాట దగ్గరే ఆగిపోయేది.

మీ మోడల్‌కు కంపెనీ ఇప్పటికే తప్పు ఒప్పుకుందేమో చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతే తీసుకోండి. అవి మొరాయిస్తుంటే మొదట్లో అందరూ మదర్ బోర్డు కంపెనీల అమరికల వైపే వేలు చూపించారు. 2024 జులైలో ఇంటెల్, ప్రాసెసర్‌ను లోపల నడిపించే సూచనలే, అంటే మైక్రోకోడే, అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే సవరణలు వచ్చాయి. ఇవి బయాస్ అప్‌డేట్ ద్వారా అందుతాయి. అయితే సవరణ ముందుజాగ్రత్త మాత్రమే. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదని కంపెనీయే చెప్పింది. బయాస్ మార్చుకోండి, సరిపోతుందని ఎవరైనా పంపించేస్తే ఈ మాట గుర్తుచేయండి.

ఆ జాబితాలోని మోడళ్లకు వారంటీని ఇంటెల్ రెండేళ్లు పెంచింది. పెట్టెలో అమ్మిన చిప్‌లకు మామూలుగా ఉండే మూడేళ్లు అయిదేళ్లయ్యాయి. ఐ9-13900కే, ఐ7-14700కే వంటివి అందులో ఉన్నాయి. మీది ఉందో లేదో కంపెనీ సైటులో చూసుకోండి. 2022 అక్టోబరులో కొన్నవారికి 2027 అక్టోబరు దాకా సమయం ఉంది. మూడేళ్లు దాటాయి, ఇక కుదరదనే దుకాణదారుకు ఈ సంగతి తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు.

ఇంటెల్‌తో పోటీపడే ఏఎండీ కూడా మినహాయింపు కాదు. 2023 వసంతంలో రైజెన్ 7000 వరుసలోని కొన్ని చిప్‌లు, ముఖ్యంగా ఎక్స్3డీ రకం, సాకెట్‌తో సహా కాలి ఉబ్బాయి. తర్వాత ఒక వోల్టేజీని 1.3 వోల్టుల దగ్గర కట్టేస్తూ బయాస్‌లు వచ్చాయి. అలాంటి చోట తప్పు చిప్‌దా, బోర్డుదా అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. మీరు ఎవరి పక్షమూ తీసుకోకండి. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే ఉత్తరం పంపండి.

ల్యాప్‌టాప్ అయితే ఈ గొడవ లేదు. ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, జవాబుదారీ ల్యాప్‌టాప్ కంపెనీదే.

కాగితాలు

18 శాతం జీఎస్టీ మిగులుతుందని కచ్చా బిల్లు తీసుకునే అలవాటు మన సరిహద్దు ఊళ్లలో బాగా ఉంది. మిగిలేది ఆ రోజుకే. పక్కా బిల్లు అడగండి, అందులో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ వేర్వేరు వరుసల్లో, మోడల్ పేరుతో, సీరియల్ నంబరుతో రాయించండి. ఇప్పటికే "సీపీయూ సెట్" బిల్లు మీ దగ్గర ఉంటే, విడిభాగాల వివరం రాసి సంతకం పెట్టి ఇమ్మని దుకాణానికి వాట్సాప్‌లో అడగండి. నాకు అది రావడానికే ఇరవై రోజులు పట్టింది, కానీ వచ్చింది.

ప్రాసెసర్ వచ్చిన అట్టపెట్టె పారేయకండి. దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, వినియోగదారుల ఫిర్యాదు నంబరు ఉండాలని మన చట్టం. ఆ చిన్న చీటీయే రేపు మీ ప్రతివాది చిరునామా. చీటీ లేని పెట్టె దొడ్డిదారిన వచ్చిన సరుకు కావచ్చు. పెట్టే లేకుండా ప్లాస్టిక్ సంచిలో ఇచ్చేది ట్రే పీస్. దానికి కంపెనీ నేరుగా పూచీ పడదు, అమ్మినవాడే పడాలి. రెండు వేలు తక్కువకు వస్తోందని ట్రే పీస్ తీసుకుంటే, పూచీ ఎన్నేళ్లో బిల్లు మీదే రాయించండి.

ప్రాసెసర్ విప్పినప్పుడు పై లోహపు పలకను శుభ్రంగా తుడిచి, అక్షరాలు చదవగలిగేలా ఫోటో తీయండి. ఇంటెల్ చిప్ మీద బ్యాచ్ నంబరు, చుక్కల గడి ఉంటాయి, ఏఎండీ చిప్ మీద సీరియల్ నంబరు ఉంటుంది. కంపెనీలు మొదట అడిగేది ఈ ఫోటోనే.

అడగడం

పెట్టె చిప్ అయితే దుకాణం చుట్టూ తిరగనక్కర లేదు. కంపెనీ సైటులో నేరుగా వారంటీ కోరవచ్చు. సైటు ఇచ్చే ఫిర్యాదు నంబరు దాచుకోండి. ఫోనులో మాట్లాడితే ఆ తర్వాత ఒక మెయిల్ రాయండి: ఈ రోజు ఇన్ని గంటలకు మీ ప్రతినిధి ఈ మాట చెప్పారు, నేను సరిగ్గానే విన్నానా అని. వారు కాదనకపోతే అదే సాక్ష్యం.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాయవలసి వస్తుంది. వస్తే రానివ్వండి, కానీ పండిత భాష వద్దు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఈ పర్లాకిమిడి నుంచే. ఆయన ఊరివాళ్లం మనమే మెలికలు తిరిగిన అర్జీలు రాస్తే ఎలా? నేను రాసింది ఆరు వాక్యాలు. ఫలానా తేదీన ఫలానా మోడల్ కొన్నాను. ఫలానా తేదీ నుంచి ఈ తప్పు వస్తోంది. కరెంటు, వేడి, ర్యామ్, బోర్డు ఈ తేదీల్లో పరీక్షించాను, ఫలితాలు జతచేశాను. మరో బోర్డులోనూ ఇదే చిప్ ఇదే తప్పు చేసింది. చిప్ మార్చండి, లేదా డబ్బు తిరిగి ఇవ్వండి. పదిహేను రోజుల్లో జవాబు కావాలి.

చిప్‌ను ఎవరి చేతిలో పెట్టినా సీరియల్ నంబరు రాసిన రసీదు లేకుండా పెట్టకండి. "వదిలి వెళ్లండి బాబూ, చూసి చెబుతాం" అన్న మాటకు విలువ లేదు. కొరియర్ చేస్తే చిప్ వచ్చిన ప్లాస్టిక్ డొప్పలోనే పెట్టి, కట్టే ముందు నుంచి అతికించేదాకా ఫోనుతో వీడియో తీయండి. కాళ్లు వంగి వచ్చాయన్న వాదనకు ఆ వీడియోయే మందు.

ఆన్‌లైన్‌లో కొన్నట్లయితే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్లు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ అధికారి పేరు సైటు అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెతకండి.

హద్దు దాటిన దుకాణం

బరంపురంలో అడిగితే కొన్నచోటికే వెళ్లమంటారు. విశాఖ వెళ్తే మీది ఒడిశా కదా, అటువైపు సర్వీసు సెంటర్ చూసుకోమంటారు. గుణుపురం ప్యాసింజర్‌లో పెట్టె ఒళ్లో పెట్టుకుని తిరిగినవాళ్లకు ఈ బంతాట బాగా తెలుసు. పాత చట్టం ఉన్నప్పుడు కేసు వేయాలన్నా మామూలుగా అమ్మినవాడి ఊరికే పరుగెత్తవలసి వచ్చేది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆ ముడి విప్పింది. 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనో, పని చేసుకునే జిల్లాలోనో ఫిర్యాదు వేయవచ్చు. శ్రీకాకుళంలో కొన్న చిప్‌కు గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, విజయనగరంలో కొన్నదానికి రాయగడలో అడగవచ్చు. అమ్మినవాడే హద్దు దాటి రావాలి.

అంత దూరం వెళ్లే ముందు 1915కు ఫోను చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం అది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. వారు ఇచ్చే నంబరుతో కంపెనీకి మీ ఫిర్యాదు వెళ్తుంది. తీర్పు చెప్పే అధికారం వారికి లేదు, కానీ పెద్ద కంపెనీలు చాలాసార్లు ఇక్కడే కదులుతాయి. నా వ్యవహారం కూడా ఇక్కడే తెగింది.

తెగకపోతే జిల్లా కమిషన్. అయిదు లక్షల దాకా చెల్లించి కొన్న సరుకుకు ఫీజు లేదు. ఈ-జాగృతి సైటులో ఇంటి నుంచే వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. దుకాణం, దిగుమతిదారు, తయారీదారు ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. గడువు రెండేళ్లు. కంపెనీ కాదన్న రోజు నుంచి లెక్కపెట్టవచ్చని ఎవరైనా అన్నా, మీరు మాత్రం తప్పు మొదట కనిపించిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి.

రెండు చోట్ల జాగ్రత్త కావాలి. జిరాక్స్ దుకాణమో, స్టూడియోనో, జన సేవా కేంద్రమో నడిపేవారిని ఇది వ్యాపారానికి కొన్న సరుకు, మీరు వినియోగదారులే కారని అవతలి వకీలు కొట్టేయడానికి చూస్తాడు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నదైతే ఆ అడ్డు లేదని చట్టంలోనే ఉంది. ఆ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి. రెండోది, ఉత్పత్తి బాధ్యత అనే గంభీరమైన అధ్యాయం చూసి మురిసిపోకండి. అది చెడ్డ సరుకు వల్ల మనిషికో, ఇతర ఆస్తికో కలిగిన హాని కోసం. ఆ సరుకుకే జరిగిన నష్టం, వ్యాపార నష్టం అందులోకి రావు. మనకు పనికొచ్చేది సరుకులో లోపం అన్న మామూలు దారి. మార్చి ఇవ్వడం, డబ్బు వాపసు, నిర్లక్ష్యం నిరూపిస్తే పరిహారం ఆ దారిలోనే దొరుకుతాయి.

కమిషన్ చిప్‌ను ప్రయోగశాలకు పంపవచ్చు, ఆ ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ఉన్నది అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఎక్కువే పట్టవచ్చని మనసులో పెట్టుకుని వెళ్లండి.

కొత్త చిప్ వచ్చాక

బిగించే ముందే బోర్డు బయాస్ తాజాది వేయండి, లేకపోతే పాత రోగమే కొత్త చిప్‌కు అంటవచ్చు. మారిన చిప్‌కు వారంటీ ఏ తేదీ దాకా ఉందో మెయిల్‌లో అడిగి తీసుకోండి. మొదటి వారంలోనే ఆ జిప్ పరీక్ష పదిసార్లు చేయండి.

తర్వాత పాత చిప్ మీద చేసిన పనిని ఒకసారి తిరగేయండి. దీన్ని ఎవరూ చెప్పరు. తప్పు లెక్క చేసే ప్రాసెసర్ ప్రతిసారీ ఆగిపోదు, కొన్నిసార్లు తప్పును నిశ్శబ్దంగా ఫైలులో రాసేసి ముందుకు పోతుంది. వేల యంత్రాలు నడిపే గూగుల్, ఫేస్‌బుక్ ఇంజినీర్లే తమ దగ్గర ఇలాంటివి దొరికాయని 2021లో బయటపెట్టారు. ఆ నెలల్లో తీసిన బ్యాకప్‌లు తెరిచి చూడండి, లెక్కల పుస్తకాలుంటే మొత్తాలు మళ్లీ కూడండి. నేను తొమ్మిది పెళ్లిళ్ల వీడియోలు మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూశాను. ఏడు బాగున్నాయి. ఒకదానిలో అప్పగింతల దగ్గర ఆకుపచ్చ గళ్లు పడ్డాయి, ఇంకొకదానిలో తలంబ్రాల మధ్య శబ్దం పోయింది. కెమెరా కార్డుల్లోని అసలు ఫైళ్లు అప్పటికి చెరపలేదు కాబట్టి రెండూ మళ్లీ చేసి, ఆ ఇళ్లకు వెళ్లి ఇచ్చి వచ్చాను.